‘ఐ అగ్రీ’ ఒక్కటే చాలదు

ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల వేళ. టీమ్‌లోకి కొత్తగా వచ్చిన అమెరికన్ సహోద్యోగి మీ ఎదురుగా కూర్చుని, "దీజ్ మీటింగ్స్ ఆర్ గెటింగ్ అవుట్ ఆఫ్ హ్యాండ్" అన్నాడు. మీటింగులు మరీ శ్రుతి మించిపోతున్నాయని అతని బాధ. మీదీ అదే బాధ. "యెస్, ఐ అగ్రీ విత్ యూ" అన్నారు మీరు. వ్యాకరణంలో వేలు పెట్టడానికి లేదు. అయినా అతను "యా..." అని ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. మాట అక్కడితో తెగిపోయింది.

ఇదే తెలుగులో అయితే ఎలా మాట్లాడతామో చూడండి. పక్కింటాయన "ఏం ఎండలండీ బాబూ!" అన్నాడు. "మీ అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను" అని ఎవరూ అనరు. "మరే! పొద్దున్న తొమ్మిదింటికే బయట కాలు పెట్టలేకపోతున్నాం" అంటాం. ఏకీభవించడాలూ సమ్మతించడాలూ శాసనసభలోనో, అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులోనో. అక్కడ ఒకరు ప్రతిపాదన పెడతారు, మనం ఎటువైపో తేల్చి చెబుతాం. ఇంగ్లిష్‌లో "ఐ అగ్రీ" చేసే పని కూడా అదే. చర్చలో ఒక పక్షం తీసుకునేటప్పుడు, ఈమెయిల్‌లో ఒక నిర్ణయానికి మద్దతు తెలిపేటప్పుడు నిక్షేపంగా వాడుకోవచ్చు. కబుర్లలో వాడితే ఎదుటివాడి మాట మీద తీర్పు చెప్పినట్టుంటుంది. అతను తీర్పు అడగలేదు. తన చికాకులో తోడు రమ్మన్నాడు.

ఆ తోడు ఎలా వెళ్లాలన్నదే ఈ అధ్యాయం. ముందుగా ఒక సంగతి చెప్పాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మనలో మనం మాట్లాడుకునే ఇంగ్లిష్‌కి దాని పద్ధతి దానికుంది. "కరెక్ట్ కరెక్ట్" అన్నా, "అదే కదా, దట్ ఓన్లీ" అన్నా ఇక్కడ అందరికీ అర్థమవుతుంది, అందులో చిన్నతనం ఏమీ లేదు. డాలస్‌లో రూమ్మేట్‌తోనో, లండన్ ఆఫీసులో పక్క సీటు ఆవిడతోనో, న్యూజెర్సీ క్లయింట్‌తో ఫోన్లోనో మాట్లాడేటప్పుడు మాత్రం వాళ్ల చెవికి ఏది ఎలా వినిపిస్తుందో తెలిసి ఉండాలి.

వాడే మాట కంటే ముందు పట్టుబడాల్సింది బరువు. అనీటా పొమెరాంట్జ్ అనే అమెరికన్ పరిశోధకురాలు మామూలు మనుషుల సంభాషణలను రికార్డు చేసి, అక్షరం పొల్లు పోకుండా రాసుకుని పరిశీలించింది. 1984లో వచ్చిన ఆమె వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ అందరూ చదివేదే. ఆమె గమనించిన వాటిలో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. ఒకరు దేని గురించైనా బాగుందనో బాగాలేదనో అన్నప్పుడు, అవతలి మనిషి అంతకంటే ఒక మెట్టు పైమాట వాడితేనే అది గట్టి అంగీకారంగా వినిపిస్తుంది. అదే మెట్టు మీద నిలబడితే అంగీకారమే కానీ, కాస్త చప్పగా ఉంటుంది, వెనకాలే "కానీ" రావచ్చు. ఒక మెట్టు దిగితే పైకి ఔనంటున్నట్టే ఉన్నా, లోపల కాదంటున్నట్టు లెక్క.

ఉదాహరణకు ఎవరో "దిస్ బిర్యానీ ఈజ్ గుడ్" అన్నారనుకోండి. "ఇట్స్ అమేజింగ్" అంటే మీరు నిజంగా అటువైపే. "యా, ఇట్స్ గుడ్" అంటే సరే అన్నట్టు. "ఇట్స్ ఓకే" అంటే మీకు నచ్చలేదని అర్థం చేసుకుంటారు. మన వాళ్లు చాలామంది నిజంగా ఇష్టపడి కూడా "యెస్, ఇట్ ఈజ్ నైస్" అని ఊరుకుంటారు. మనకు అది నిండు మాటే. వినేవాళ్లకు అది దిగిన మెట్టు. వాళ్లు "గుడ్" అంటే మీరు "గ్రేట్", వాళ్లు "కోల్డ్" అంటే మీరు "ఫ్రీజింగ్", వాళ్లు "టైర్డ్" అంటే మీరు "ఎగ్జాస్టెడ్". ఇలాంటి జతలు ఓ పది పట్టుకుంటే చాలు, "ఐ అగ్రీ"తో పని సగం తగ్గిపోతుంది. తెలుగులో మనం చేసేదీ ఇదే. "బాగా పాడింది" అని ఒకరంటే, "బాగా ఏమిటండీ, ప్రాణం పెట్టి పాడింది" అంటాం.

మెట్టు ఎక్కడానికి వీల్లేని మాటలైతే మీ వైపు నుంచి ఒక ముక్క జత చెయ్యండి. మీటింగుల గురించి వాపోయిన సహోద్యోగి దగ్గరికి మళ్లీ వెళ్దాం. "ఐ నో! ఐ హ్యాడ్ ఫోర్ బిఫోర్ లంచ్" అంటే సరిపోయేది. భోజనానికి ముందే నాలుగయ్యాయి నాకు, అని. అందులో ఒప్పుకుంటున్నానన్న మాట ఎక్కడా లేదు. అంతకన్నా గట్టి ఒప్పుదల ఇంకోటి లేదు.

రెండోది సమయం. 2009లో టాన్యా స్టైవర్స్ బృందం ఇంగ్లిష్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, లావో వంటి పది భాషల్లో ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎంత ఖాళీ ఉంటుందో కొలిచింది. భాషలు ఎంత వేరైనా ఆ ఖాళీ సగటున సెకనులో అయిదో వంతు దగ్గరే తిరుగుతోంది. అన్ని భాషల్లోనూ ఔనని వచ్చే జవాబు త్వరగా వస్తోంది, కాదని వచ్చేది ఆలస్యంగా వస్తోంది. కాబట్టి ఆలస్యం చేస్తే, మీరు నోరు తెరవకముందే అవతలివాళ్లకు "కాదు" అని వినిపించడం మొదలవుతుంది. మన చిక్కంతా ఇక్కడే. "ఐ కంప్లీట్లీ అగ్రీ విత్ యువర్ పాయింట్" అని మనసులో వాక్యం కూర్చుకునే లోపల రెండు సెకన్లు గడిచిపోతాయి. వాక్యం ఎంత చక్కగా వచ్చినా ఆ రెండు సెకన్లు దాని విలువ తగ్గించేస్తాయి. అందుకని ముందు చిన్న మాట వదలండి. "యా", "ట్రూ", "ఓ, ఫర్ షూర్", ఏదైనా సరే. వాక్యం వెనకాల నెమ్మదిగా రావచ్చు.

ఇంకో తేలికైన దారి మనకు పుట్టుకతోనే వచ్చింది. "భోంచేశారా?" అంటే "భోంచేశాను" అంటాం. "వస్తున్నావా?" అంటే "వస్తున్నా". అవును అనే మాట వాడకుండా క్రియనే తిప్పి చెప్పడం తెలుగులో నిత్యం చేసే పని. ఐర్లాండ్ వాళ్ల సొంత భాష ఐరిష్‌లోనూ ఔను, కాదులకు విడిగా మాటలు లేవు, క్రియనే తిప్పి చెబుతారు. అందుకే అక్కడివాళ్ల ఇంగ్లిష్‌లో "ఆర్ యూ కమింగ్?" అంటే "ఐ యామ్" అనే జవాబు ఎక్కువగా వినిపిస్తుంది. మిగతా ఇంగ్లిష్ వాళ్లు కూడా ఇలా వాడతారు. "ఇట్స్ కోల్డ్ టుడే, ఇజంట్ ఇట్?" అంటే "ఇట్ రియల్లీ ఈజ్". "దట్ ఎగ్జామ్ వాజ్ టఫ్" అంటే "ఇట్ వాజ్!". "షీ సింగ్స్ వెల్" అంటే "షీ డజ్". చిన్నగా ఉంటుంది, వెంటనే వస్తుంది, ఎక్కడా అతి అనిపించదు. మీకు ఇంగ్లిష్‌లో ధైర్యం తక్కువైతే ఈ ఒక్క అలవాటుతో మొదలుపెట్టమంటాను.

లేదంటే ఔననాలా, కాదనాలా?

ఇంతవరకూ చెప్పినవి తప్పితే మాట చప్పబడుతుంది, అంతే. ఇప్పుడు చెప్పబోయేది తప్పితే పని చెడుతుంది. నెగటివ్ ప్రశ్నలకు జవాబు చెప్పే పద్ధతి తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఇంకొకటి.

"నీకు మెయిల్ రాలేదా?" అని అడిగితే, రాకపోతే మనం "అవును, రాలేదు" అంటాం. అడిగినవాడి ఊహ నిజమేనని ముందు ఒప్పుకుని, తర్వాత సంగతి చెబుతాం. ఇంగ్లిష్‌వాడు అడిగినవాడి ఊహను పట్టించుకోడు, జరిగిన సంగతినే చూస్తాడు. మెయిల్ రాలేదు కాబట్టి అతని జవాబు "నో". జపనీస్, కొరియన్ మాట్లాడేవాళ్లకూ మనలాగే ఇక్కడ ఇంగ్లిష్‌తో తంటా వస్తుంది.

హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడు క్లయింట్‌తో మాట్లాడుతున్నాడు. అటువైపు నుంచి, "సో ద బిల్డ్ ఈజ్‌న్ట్ రెడీ యెట్?" అని ప్రశ్న. సాఫ్ట్‌వేర్ కూర్పు ఇంకా సిద్ధం కాలేదా అని. కుర్రాడు మర్యాదగా "యెస్" అన్నాడు. అవును, కాలేదు అని అతని భావం. అటువైపు "ఓ, గ్రేట్!" అని సంతోషం. కుర్రాడు కంగారుగా, "యెస్, నాట్ రెడీ" అన్నాడు. "వెయిట్, యెస్ ఆర్ నో?" ఇప్పుడు అటువైపు గొంతు మారింది. బిల్డ్ ఆలస్యమవడం పెద్ద తప్పేమీ కాదు, రోజూ జరిగేదే. ఆ పది సెకన్లలో మాత్రం అతను ఏదో దాస్తున్నట్టు వినిపించాడు. అక్కడ అనాల్సింది "నో, నాట్ యెట్. ఇట్ విల్ బి రెడీ బై సిక్స్."

గుర్తు పెట్టుకోవడానికి సూత్రం చిన్నదే. నోటి వెంట రాబోయే క్రియలో "నాట్" ఉంటే దాని ముందు "నో" ఉండాలి, లేకపోతే "యెస్" ఉండాలి. "నో, ఐ డిడ్‌న్ట్." "యెస్, ఐ డిడ్." ఈ రెండు జతలు ఎప్పుడూ కలిసే ఉంటాయి. "యెస్, ఐ డిడ్‌న్ట్" అనే జత ఇంగ్లిష్‌వాడి చెవికి ఆనదు. ఒంటి "యెస్"తో, ఒంటి "నో"తో ఆపేయడం అసలే వద్దు. క్రియ కూడా చెబితే, మొదటి మాట తారుమారైనా రెండోది విషయం కాపాడుతుంది.

ఇంగ్లిష్ వాళ్లూ ఒకప్పుడు దీనితో సతమతమైనవాళ్లే. పాత ఇంగ్లిష్ వాడుకలో మామూలు ప్రశ్నలకు "యే", "నే" అనీ, నెగటివ్ ప్రశ్నలకు "యెస్", "నో" అనీ నాలుగు మాటలుండేవి. బైబిల్‌ను ఇంగ్లిష్‌లోకి తెచ్చిన విలియం టిండేల్ వీటిని కలగాపులగం చేశాడని 16వ శతాబ్దంలో థామస్ మోర్ తప్పుపట్టాడు. తర్వాత ఆ తేడా చెరిగిపోయి రెండే మిగిలాయి.

ప్రశ్న కాకుండా వట్టి వ్యాఖ్య అయినా ఇదే పద్ధతి. "దట్స్ నాట్ ఫెయిర్" అని స్నేహితురాలు అన్నప్పుడు మీరు కూడా అన్యాయమే అనుకుంటే, "నో, ఇట్స్ నాట్" అనాలి. ఇక్కడ "నో" అంటేనే ఒప్పుకోవడం. ఇది మొదట్లో నాలుకకు చేదుగా ఉంటుంది, ఎందుకంటే ఒప్పుకుంటూ కాదనడం మనకు అలవాటు లేదు. "యా, నో, ఇట్స్ నాట్" అని రెండూ కలిపి అనేవాళ్లు కూడా ఉంటారు. ఈ "యా, నో" ఆస్ట్రేలియాలో ఎంత పెరిగిందంటే, కేట్ బరిడ్జ్, మార్గరెట్ ఫ్లోరీ అనే భాషావేత్తలు 2002లో దాని మీదే ఒక వ్యాసం రాశారు. ముందు "యా" ఎదుటి మనిషి కోసం, తర్వాత "నో" విషయం కోసం. మనవాళ్లకు ఇది హాయిగా పట్టుబడుతుందని నా నమ్మకం. మన "అవును, లేదు" ఉన్న వరసలోనే అందులో కూర్చుంది.

"నాకూ" అనే మాట కూడా ఇక్కడ రెండుగా చీలుతుంది. "ఐ లవ్ దిస్ సాంగ్" అంటే "మి టూ". "ఐ డోంట్ లైక్ కాఫీ" అంటే "మి నైదర్". రెండో చోట "మి టూ" అన్నా అర్థమవుతుంది కానీ చెవికి గుచ్చుకుంటుంది. "సేమ్ హియర్" మాత్రం రెండు చోట్లా నడుస్తుంది, అనుమానం వచ్చినప్పుడు అది వాడండి. "సో డూ ఐ", "నైదర్ డూ ఐ" అని బడిలో నేర్పినవి తప్పేమీ కాదు, కాకపోతే కాస్త ఇస్త్రీ బట్టలు కట్టుకున్నట్టుంటాయి.

ఇక "డూ యూ మైండ్" అనే ప్రశ్న. రైల్లో ఎదుటావిడ, "డూ యూ మైండ్ ఇఫ్ ఐ ఓపెన్ ద విండో?" అంది. కిటికీ తీస్తే మీకేమైనా అభ్యంతరమా అని ప్రశ్న. "యెస్, యెస్" అంటే అభ్యంతరం ఉందనే. ఆవిడ చెయ్యి వెనక్కి తీసేసుకుంటుంది, మీరేమో నవ్వుతూ చూస్తుంటారు. "నో, గో అహెడ్" అనాలి, లేదా "నాట్ ఎట్ ఆల్". మాట తడబడుతుందనుకుంటే ఒట్టి "గో అహెడ్" చాలు.

ఏ మాట ఎక్కడ ఒదుగుతుంది

నిఘంటువు చూస్తే "ఎగ్జాక్ట్‌లీ", "రైట్", "కరెక్ట్", "ట్రూ" అన్నీ దాదాపు ఒకటే. నోటి వాడుకలో వేటి చోటు వాటిది. "కరెక్ట్" అన్నది అమెరికాలో, బ్రిటన్‌లో కబుర్ల మధ్య వినిపిస్తే, టీచరు కాపీలో టిక్కు పెట్టినట్టుంటుంది. ఫోన్ నంబరు సరిచూసుకునేటప్పుడు, అడ్రసు చెప్పుకునేటప్పుడు అది సరిగ్గా అతుకుతుంది. ఒకరు తమ మనసులో మాట చెప్పినప్పుడు మాత్రం వద్దు. అక్కడ "దట్స్ ట్రూ" అనండి.

"ఎగ్జాక్ట్‌లీ" చాలా మంచి మాట. మీరు ఎప్పట్నుంచో అనుకుంటున్నదాన్ని, మాటల్లో పెట్టలేకపోయినదాన్ని అవతలివాళ్లు పెట్టేసినప్పుడు అది తోసుకుని వస్తుంది. మన "అదీ! అలా చెప్పండి" అన్నమాట. మీకు అంతవరకూ తెలియని సంగతిని ఎవరైనా చెబితే మాత్రం "ఎగ్జాక్ట్‌లీ" అనకూడదు. అది నాకు ముందే తెలుసన్నట్టు ధ్వనిస్తుంది. కొత్త సంగతికి "గుడ్ పాయింట్" అనాలి. నాకు తట్టలేదు, మీకు తట్టింది అనే మర్యాద అందులో ఉంది. కారణాలు వివరించి చెప్పినవాళ్లకు "దట్ మేక్స్ సెన్స్". మనసు పూర్తిగా ఒప్పకపోయినా, వాళ్ల వైపు న్యాయం ఉందనిపిస్తే "ఫెయిర్ ఎనఫ్". "ఫెయిర్ ఎనఫ్" మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. వాదన ఆగిపోతుంది, ఎవరూ ఓడిపోరు. తెలుగులో "సరే, మీరన్నదీ నిజమే" అని పెద్దవాళ్లు ముగించే తీరులో ఉంటుంది.

"ఐ నో" దగ్గర జాగ్రత్త. మాటకు మాట తెలుగు చేస్తే "నాకు తెలుసు" కాబట్టి మొరటుగా ఉంటుందేమోనని మనవాళ్లు దీన్ని వాడరు. కానీ ఎవరైనా తమ అనుభవం, ఇష్టం, విసుగు చెప్పినప్పుడు గొంతు పైకెత్తి "ఐ నో!" అంటే అది అచ్చంగా మన "మరే!". దానికి తోక తగిలించి "ఐ నో, రైట్?" అని అమెరికా కుర్రకారు అంటారు. అదే మాటను, ఎవరైనా సలహా ఇచ్చినప్పుడు గొంతు దించి "ఐ నో" అంటే, చెప్పక్కర్లేదులే అని కొట్టిపారేసినట్టవుతుంది. మాట మారలేదు, రాగం మారింది. ఇది పుస్తకంలో నేర్పలేను. వినాలి, పైకి అని చూసుకోవాలి.

"టెల్ మి అబౌట్ ఇట్" అని ఎవరైనా అంటే మీరు చెప్పడం మొదలుపెట్టకండి. "రెంట్స్ హియర్ ఆర్ క్రేజీ" అని మీరన్నప్పుడు అవతలివాడు ఈ మాట అన్నాడంటే, నా దగ్గరా చెబుతావా, ఆ బాధ నేనూ పడుతున్నా అని. కష్టాలకే వాడే మాట ఇది. సంతోషాలకు పనికిరాదు. "యూ కెన్ సే దట్ అగైన్" కూడా మళ్లీ చెప్పమని అడగడం కాదు, నూటికి నూరుపాళ్లు నిజమని. ఇది ఇప్పుడు కొంచెం పాతబడిన మాట. అర్థం చేసుకోండి, వాడకపోయినా లోటు లేదు.

"ఆఫ్ కోర్స్" మనవాళ్లు ధారాళంగా వాడతారు, మర్యాద మాట అనుకుని. సాయం అడిగినప్పుడు అది మర్యాదే. "కెన్ యూ హెల్ప్ మి విత్ దిస్?" అంటే "ఆఫ్ కోర్స్" చాలా ఆప్యాయంగా ఉంటుంది. తెలుసా అని అడిగినప్పుడు మాత్రం తిరగబడుతుంది. "డూ దే స్పీక్ తెలుగు ఇన్ హైదరాబాద్?" అని ఒక విదేశీయుడు నిజంగా తెలియక అడిగితే "ఆఫ్ కోర్స్" అన్నది, ఆ మాత్రం తెలీదా అని వినిపిస్తుంది. అక్కడ "యా, దే డూ" అనండి. "ఫైన్" కూడా ఇలాంటిదే. ఎలా ఉన్నారంటే "ఫైన్" అనొచ్చు. ఫలానాది చేద్దామా అన్నప్పుడు ఒంటిగా "ఫైన్" అంటే ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నట్టు, మొహం మాడ్చుకున్నట్టు. "సౌండ్స్ గుడ్" అనండి, "వర్క్స్ ఫర్ మి" అనండి. స్నేహితుల మధ్య అయితే "ఐ యామ్ ఇన్", "ఐ యామ్ డౌన్". ఈ "డౌన్"కి దిగులుతో సంబంధం లేదు, మన "సై" అన్నమాట. "ఐ యామ్ అప్ ఫర్ ఇట్" అన్నా అదే అర్థం.

ప్రాంతాల మాటలున్నాయి. స్కాట్లాండ్‌లో "ఐ" అంటే ఔనని, ఆస్ట్రేలియాలో "టూ రైట్", లండన్ కుర్రాళ్ల నోట "ఇన్నిట్". ఇవి విని ఆనందించండి. అక్కడ నాలుగేళ్లు ఉంటే వాటంతట అవే వస్తాయి. ముందే అరువు తెచ్చుకుంటే అతకవు. ఇన్‌స్టాగ్రామ్‌లో తిరిగే యాస మాటల సంగతీ అంతే.

ఒప్పుకోకూడని చోటు

ఎదుటి మనిషి తనని తాను తక్కువ చేసుకున్నప్పుడు పైన చెప్పిన సూత్రాలన్నీ తలకిందులవుతాయి. "ఐ యామ్ సో బ్యాడ్ ఎట్ దిస్" అని ఒకరు అన్నారు. మెట్టు ఎక్కి "యెస్, టెరిబుల్" అంటే ఆ స్నేహం అక్కడితో సరి. ఊరికే ఉన్నా ఒప్పుకున్నట్టే. ఇక్కడ వెంటనే రావాల్సింది "నో, యూ ఆర్ నాట్!". పొమెరాంట్జ్ ఇదీ గమనించింది. మామూలుగా తడబడుతూ, ఆలస్యంగా వచ్చే "కాదు" ఇలాంటి చోట మాత్రం ఠక్కున వస్తుంది. కష్టం నిజమే అయితే కష్టాన్ని ఒప్పుకోండి, మనిషిని కాదు. "ఇట్స్ హార్డ్ ఎట్ ఫస్ట్" అంటే మొదట్లో అందరికీ కష్టమే అని. మాట నిజమూ అవుతుంది, మనసూ నొప్పించదు.

దీనికి ఎదురు కేసు పొగడ్త. "గ్రేట్ ప్రెజెంటేషన్!" అని ఎవరో అన్నారు. ఒప్పుకుంటే గొప్ప చెప్పుకున్నట్టు, కాదంటే పొగిడినవాణ్ణి తప్పన్నట్టు. తెలుగులో "ఏదో లెండి, మీ అభిమానం" అని తప్పుకుంటాం, అందంగానే ఉంటుంది. ఇంగ్లిష్‌లో "నో, నో, నథింగ్ లైక్ దట్" అని చేతులు ఊపితే అవతలివాళ్లు ఇబ్బంది పడతారు. "థ్యాంక్యూ, ఐ యామ్ గ్లాడ్ ఇట్ వెంట్ వెల్" అనేసి ముందుకు వెళ్లడమే సుఖం.

చివరగా ఊఁ కొట్టడం గురించి. మనది కథలకు ఊఁ కొట్టే జాతి. పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో "ఆఁ", "ఊఁ", "సరేనండి" అనకపోతే వినడం లేదనుకుంటారు. విక్టర్ యింగ్వీ అనే భాషావేత్త 1970లో ఇలాంటి చిరుసవ్వళ్లకు బ్యాక్ ఛానల్ అని పేరు పెట్టాడు. అన్ని భాషల్లోనూ ఇవి ఉన్నాయి, కానీ ఎక్కడ ఎన్ని వెయ్యాలన్నది భాషను బట్టి మారుతుంది. ఫోన్లో అమెరికావాడు మాట్లాడుతుంటే మనం వరసగా "ఓకే, ఓకే, ఓకే, ఓకే" అంటే, తొందరగా ముగించమంటున్నట్టు ఉంటుంది. వాక్యం పూర్తయ్యే దగ్గర ఒక "మ్‌హు", ఒక "రైట్" చాలు. తల ఒక పక్కకీ ఇంకో పక్కకీ ఊపే మన అలవాటు ఫోన్లో కనబడదు. వీడియో కాల్‌లో కనబడినా వాళ్లకు అది అటూ ఇటూ తేల్చని ఊపులాగే ఉంటుంది. ఊపడం మానక్కర్లేదు, దానితో పాటు ఒక "యా" అనండి.

ఇందులో అసలు ముప్పు వేరే ఉంది. మేనేజరు "కెన్ వుయ్ గెట్ దిస్ డన్ బై ఫ్రైడే?" అని అడిగినప్పుడు, మనం "యెస్, యెస్" అంటాం. మన ఉద్దేశం మీరు చెప్పింది విన్నాను, అర్థమైంది అని. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదనే పెంపకం కూడా ఆ "యెస్"లో ఉంది. అవతలివాళ్లు దాన్ని మాట ఇచ్చినట్టుగా రాసుకుంటారు. శుక్రవారం వచ్చేసరికి మీరు మాట తప్పినవారవుతారు. విన్నానని చెప్పడానికి "గాట్ ఇట్" అనండి. చేస్తానని చెప్పడానికి "యెస్, ఐ కెన్ హావ్ ఇట్ బై ఫ్రైడే" అని రోజుతో సహా చెప్పండి. రెండోది చెప్పలేని స్థితిలో ఉంటే, "లెట్ మి చెక్ విత్ ద టీమ్ అండ్ గెట్ బ్యాక్ టు యూ బై థ్రీ" అనండి. మూడు గంటలకల్లా ఫోన్ చెయ్యండి, జవాబు కాదనే అయినా సరే.